పడని నూనె

నేను ఒక ఇత్తడి రింగును. రింగు అనగానే వేలికి పెట్టుకునే ఉంగరం అనుకుని ఆశపడకండి. చిన్నపిల్ల చేతి గాజంత ఉంటాను. లోపలివైపు సన్నటి గీతలు, బయట చుట్టూ పళ్లు. నా కాపురం చాలా ఏళ్లు ఒక పాత స్పోర్ట్స్ కారు గేరుబాక్సులో. ఆ కారును మీలో కొందరు చూసే ఉంటారు. ఆదివారం పొద్దుట విశాఖపట్నం బీచి రోడ్డు మీద తిరుగుతుంది. ఎర్ర రంగు, రెండే సీట్లు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ పైకప్పు. దాని పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లకు లెక్కలేదు. అన్నేళ్లూ నన్ను చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. బండి వయ్యారమంతా బయట, బండి చాకిరీ అంతా లోపల. నేను లోపలి జాతి.

నా పని ఏమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగిన గొడవ మీకు అర్థం కాదు. గేరు మార్చే క్షణంలో లోపల రెండు భాగాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటిని ఉన్నపళంగా కలిపితే పళ్లూ పళ్లూ కొట్టుకుని కర్రుమంటాయి. అందుకని నేను ముందుగా వెళ్లి, తిరిగేదాన్ని ఒరుసుకుని పట్టుకుని, రెండింటినీ ఒకే వేగానికి తెస్తాను. ఇద్దరు మొండివాళ్ల మధ్య రాజీ కుదిర్చే పెద్దమనిషి పని అన్నమాట. రాజీ కుదిరాక గేరు మెత్తగా పడుతుంది. పెద్దమనిషిని ఎవరూ తలుచుకోరు. నేను చూసుకునేది రెండో గేరు. నాలాంటివే పై గేర్లకూ ఉన్నాయి గానీ, ఊళ్లో తిరిగే బండికి రెండో గేరుతోనే పని ఎక్కువ. కాబట్టి అరిగేదీ నేనే.

గేరు 'పడటం' అన్న మాట నేను ఇక్కడికి వచ్చాకే విన్నాను. పుట్టింది ఇంగ్లండులో, మాట నేర్చింది తెలుగుదేశంలో. ఇక్కడివాళ్లు గేరు వేస్తారు, అది పడుతుంది, లేదా పడదు. వీళ్లలోనే కొందరికి వంకాయ పడదు, కొందరికి పెన్సిలిన్ పడదు, తోడికోడళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. ఇన్ని కష్టాలకు ఒకే మాటతో ఎలా సరిపెట్టుకుంటారా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. చివరికి నా ప్రాణం ఆ మాట మీదే ఆధారపడింది.

పుట్టిన రోజు కొంచెం కొంచెం గుర్తుంది. కరిగిన ఇత్తడిగా అచ్చులో పోశారు. చల్లారాక లేతు మిషను మీద తిప్పి గీతలు పెట్టారు. ఎవరో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి చూశారు. బయట వాన పడుతోంది. చాలా ఏళ్లదాకా నేను చూసిన లోకం ఆ ఒక్క కిటికీ. తర్వాత నన్ను ఇరుసుకు తొడిగారు, మూత పెట్టారు, బోల్టులు బిగించారు. ఇక చీకటి, నూనె, చప్పుడు. అంతే.

అయితే నేను చెవిటిదాన్ని కాను. గేరు రాడ్డు పైకొన మనుషుల చేతికింద ఉంటుంది, కిందికొన నా దగ్గరికి వస్తుంది. పైన మాట్లాడిందంతా ఆ రాడ్డు గుండా నాకు దిగుతుంది. చేతులు కూడా దిగుతాయి. మనుషుల మొహాలు నేను ఎరగను, చేతులు ఎరుగుదును. నా మొదటి యజమాని ఒక ఓడల కంపెనీ దొర. నౌకరును పిలిచినట్టు గేరు వేసేవాడు. ఒక్క అరుపు, పని అయిపోవాలి. ఆయన దేశం విడిచి వెళ్తూ కారును విజయనగరం డాక్టరు ఒకాయనకు వదిలివెళ్లాడు. డాక్టరుది నాడి చూసే చెయ్యి. రెండు వేళ్లతో గేరు మార్చేవాడు. ఆయన పోయాక వారసులకు పడలేదు. కారు ఎవరిదో తేలేదాకా దాన్ని రేకుల షెడ్డులోకి తోసి, పైన గోనెసంచులు కప్పారు.

ఎన్నేళ్లు అలా ఉన్నానో నన్నడగకండి. తెల్లవారడం, పొద్దుగూకడం తెలియనిదానికి ఏళ్లు ఎలా తెలుస్తాయి? నూనె మెల్లగా అడుక్కి దిగిపోయింది. నేను పైన ఎండిపోయి, ఇరుసును కరుచుకుని, కదలకుండా ఉండిపోయాను. ఒక్కోసారి షెడ్డు మీద వాన చప్పుడు రాడ్డు గుండా వినిపించేది. నేను పుట్టిన రోజు వాన గుర్తొచ్చేది. ఏడుపొచ్చేది కానీ ఇత్తడికి ఏడ్చే ఏర్పాటు లేదు.

అప్పుడు వచ్చాడు సన్యాసిరావు. పేరు సన్యాసి, మోజేమో రెండు సీట్ల ఎర్రకారు మీద. విశాఖపట్నం పోర్టులో సముద్రం అడుగున మట్టి తోడే డ్రెడ్జరు మీద చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పెదవాల్తేరులో ఇల్లు, ఇంటి పక్కన షెడ్డు. భార్య నూకరత్నం పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరైంది. ఆయన కారును లారీ మీద ఇంటికి తెచ్చిన రోజు ఆవిడ అన్న మొదటి మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇదేంటండీ, మంచం మీద పేషెంటును తెచ్చారు?"

"లెగుస్తాదే. నేను లేపుతాను," అన్నాడాయన.

లేపాడు కూడా. కొన్ని నెలలు కారు కింద పడుకుని, గేరుబాక్సు మూత తప్ప ప్రతి మరనూ విప్పి, కడిగి, బిగించాడు. ఆ తర్వాత మొదలైంది నూనెల పురాణం. ఇంజనులో ఏ నూనె పొయ్యాలి? నన్నడిగితే ఒక్క మాటలో తేలేది కానీ నన్నెవరు అడుగుతారు? ఆయన వానాకాలమంతా ఫోనులో దేశదేశాల పాతకార్లవాళ్లతో వాదించాడు. ఒకడు పలచటి సింథటిక్ పొయ్యమంటాడు, ఇంకొకడు అది పోస్తే పాత రబ్బరు సీళ్లలోంచి కారి షెడ్డు నేల తాగుతుందంటాడు. చివరికి గాజువాకలో వర్క్‌షాపు నడిపే ఎర్రినాయుడు తేల్చాడు. సన్యాసిరావుకు ఆయన డ్రెడ్జరు రోజుల నుంచీ స్నేహితుడు.

"పాత ఇంజను సార్, సందులు పెద్దవైపోయుంటాయి. పలచటి నూనె నిలవదండి. చిక్కటిదే పొయ్యండి."

చిక్కటిదే పోశారు. పాత ఇంజన్లకు కావలసిన జింకు కలిసిన నూనె వెతికి మరీ పోశారు. పక్కగదిలో ఇంజను బుద్ధిగా గుర్రుమంటూ నడిచింది. నాకు ఒళ్లు మండింది. ఇంజను దగ్గితే ఇల్లంతా పరిగెత్తుకొస్తుంది. దానికి ఏటేటా కొత్త నూనె, కొత్త ఫిల్టరు. మేము గేరుబాక్సువాళ్లం ఇంటి వెనక గదిలో చుట్టాల్లాంటివాళ్లం. ఉన్నామన్న సంగతి చప్పుడు చేస్తే తప్ప గుర్తురాదు.

ఆ మాట పైకి అన్నట్టుంది, ఆయన దృష్టి మామీద పడింది. పడకుండా ఉంటే బాగుండేది.

కారుతో వచ్చిన పుస్తకం షెడ్డులో చెదలు తినేశాయి. అంచేత గేరునూనె ఎంపిక ఆయన అనుభవం మీద పడింది. కొట్టులో రెండు రకాలున్నాయి. ఒక డబ్బా మీద జీఎల్-4, ఇంకో డబ్బా మీద జీఎల్-5. మనుషులకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం, నాలుగు కన్నా ఐదు గొప్పదని. పైగా డ్రెడ్జరులో బురద తోడే బకెట్ల గొలుసును లాగే గేర్లకు ఆయన జీవితమంతా పోసింది ఆ గట్టి రకం నూనే. ఎంత బరువు పడినా పళ్లు అరగకుండా దాంట్లో గంధకం మందు కలుపుతారు.

"ఏనుగంత గేర్లను కాపాడిన నూనె ఇది. ఈ బొమ్మ గేర్లకేటి, నూరేళ్లు," అన్నాడు సన్యాసిరావు.

"పెద్ద నంబరే పోసీయండి సార్," అన్నాడు ఎర్రినాయుడు.

పోసేశారు. మూత బిగించారు.

ముందు వాసన తగిలింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. తర్వాత జారుడు. నా బతుకు ఒరుసుకోవడంలో ఉందని చెప్పాను కదా. ఈ నూనెలో ఎంత పట్టుకున్నా పట్టు దొరకదు. సబ్బు రాసిన చేత్తో చేపను పట్టుకున్నట్టే. ఆ తర్వాత కొన్నాళ్లకు మంట మొదలైంది. గంధకం నా ఒంటిని నల్లబరిచి, సన్నగా కొరికి, గీతల్లోంచి పొడిపొడిగా రాల్చడం మొదలుపెట్టింది. మీకు పడనిదాన్ని ఒళ్లంతా పూసి, గదిలో పెట్టి, బయట గడియ వేశారనుకోండి. తలుపు కొట్టడానికి చేతులు కూడా లేవనుకోండి. అదీ నా స్థితి. నా చుట్టూ ఉన్న ఉక్కు పళ్లకు మాత్రం అదే నూనె అమృతం. హాయిగా మెరుస్తూ తిరుగుతున్నాయి. ఒకే ఇంట్లో ఒకరికి పండగ, ఇంకొకరికి పథ్యం. ఆ పోసినవాడు పగవాడై ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ప్రేమతో పోశాడు. అది మరీ బాధ.

సరిగ్గా ఆ రోజుల్లోనే నూకరత్నం డ్రైవింగు నేర్చుకోవడం మొదలుపెట్టింది.

సర్వీసంతా అంబులెన్సులో డ్రైవరు పక్క సీటులో కూర్చున్న మనిషి. రోగిని పట్టుకుని కూర్చోవడమే గానీ స్టీరింగు పట్టుకునే యోగం లేకపోయింది. రిటైరయ్యాక "నాకూ నేర్పండి" అంది. ఆయన సంతోషంగా నేర్పాడు. ఏటా పాతకార్ల క్లబ్బువాళ్లు ఘాటు రోడ్డెక్కి సింహాచలం కొండమీదికి బళ్లన్నీ వరసగా తోలుకెళ్తారు. "ఈ ఏడు మన బండి నువ్వే ఎక్కించాల రత్నం," అని ఆయనే అన్నాడు, క్లబ్బులో ఆవిడ పేరు ఇచ్చేశాడు. ఆవిడ ఆ రోజు ఎంత సంతోషించిందో గేరు రాడ్డు పట్టుకున్న తీరులోనే నాకు తెలిసింది.

ఆ చెయ్యి గురించి చెప్పాలి. ఏళ్ల తరబడి మందునీళ్లతో కడిగి కడిగి గరుకెక్కిన చెయ్యి. తొందర లేదు, భయమూ లేదు. ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లలా కావలసినంత వత్తిడి, కావలసినంతసేపు. నాకు తగిలిన చేతులన్నింటిలో అదే మంచిది. దొర చెయ్యి, డాక్టరు చెయ్యి, సన్యాసిరావు చెయ్యి ఏదీ దానికి సాటిరాదు. అలాంటి చేతికి నేను ఇచ్చిన మర్యాద ఏమిటంటే, ఒక రోజు రెండో గేరులోకి వస్తుంటే జారిపోయి, పళ్లూ పళ్లూ కొట్టుకుని, కర్రుమన్నాను.

"క్లచ్చి సరిగ్గా తొక్కలేదే నువ్వు," అన్నాడు సన్యాసిరావు.

"తొక్కానండీ."

"తొక్కితే అరుస్తాదేటి?"

మళ్లీ వేసింది. మళ్లీ అరిచాను. ఆయన దిగి, అటు తిరిగి వచ్చి, తను కూర్చుని నడిపాడు. చప్పుడే లేదు.

ఇందులో ఉన్న మోసం మీకు చెప్పాలి. సన్యాసిరావు డ్రైవింగు నేర్చుకున్నది పోర్టు పాత లారీల మీద. వాటిలో నాలాంటి రింగులు ఉండవు. అందుకని ఆయనకు క్లచ్చి రెండుసార్లు తొక్కే అలవాటు. ఒకసారి తొక్కి గేరు తీస్తాడు, వదిలి, ఒక చిన్న ఎక్సిలేటరు ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేస్తాడు. ఈలోగా వేగాలు వాటంతటవే కలిసిపోతాయి. నాకు పనే ఉండదు, కాబట్టి నా జబ్బు బయటపడదు. ఆ అలవాటు తనకుందని కూడా ఆయనకు తెలియదు, నడకలాగా ఒంటపట్టేసింది. రత్నం కొత్తగా నేర్చుకుంది, డ్రైవింగు పుస్తకంలో ఉన్నట్టు ఒక్కసారే తొక్కుతుంది. ఈ బండికి అదే పద్ధతి. అంటే సరిగ్గా నడిపే చేతిలో బండి అరుస్తుంది, పాత అలవాటు చేతిలో నోరు మూసుకుంటుంది. లోపల కాలిపోతున్నానని చెప్పడానికి నాకున్న గొంతు ఆ ఒక్క కర్రుమనే చప్పుడు. దాన్ని తీసుకెళ్లి ఆవిడ మీద సాక్ష్యంగా పెట్టారు.

ఒక ఆదివారం బీచి రోడ్డు మీద క్లబ్బు బళ్లన్నీ ఆగి ఉన్నాయి. ఎవరో పెద్దమనిషి కారు తలుపు మీద చెయ్యేసి, "మేడంగారే ఘాటెక్కిస్తారటగా?" అని అడిగాడు.

సన్యాసిరావు నవ్వాడు. "ఎక్కడండీ, మా ఆవిడ చెయ్యి పడితే చాలు, గేరు అరుస్తాది!"

చుట్టూ అందరూ నవ్వారు. చెడ్డగా ఏమీ కాదు, మామూలుగానే నవ్వారు. రాడ్డు మీదున్న ఆవిడ చెయ్యి లేచిపోయింది. ఇంటికి వెళ్లేటప్పుడు ఆవిడ పక్కసీటులో కూర్చుంది.  షెడ్డులో ఇంజను ఆగాక మెల్లగా అంది.

"వార్డులో నా చెయ్యి పడితే ఏడ్చే పిల్లలు ఊరుకునేవారు."

ఆయన ఏదో అనబోయేలోపే ఆవిడ తలుపేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ చెయ్యి నా దగ్గరికి రాలేదు. కొండమీదికి బండి తోలేవాళ్ల పేర్లలో ఆయన తన పేరు మార్పించుకున్నాడు.

ఆ రోజుల్లో నాకు కోపం తప్ప ఇంకేమీ లేదు. నూనె మీద, మూత మీద, బోల్టుల మీద, ఇత్తడిగా పుట్టిన నా పుట్టుక మీద కోపం. నా పేరు చెప్పి ఇంకొకరికి శిక్ష పడింది, నేను లోపల కూర్చుని వింటున్నాను.

సన్యాసిరావుకూ మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉన్నట్టుంది. కారును గాజువాక తీసుకెళ్లి, గేరుబాక్సు ఒకసారి చూడమన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా ఒంటి పొడి ఆ నూనె నిండా ఉంది, ఎవరైనా చూస్తారు కదా! ఎర్రినాయుడు కింది బిరడా విప్పాడు. నూనె నల్లటి బకెట్లోకి దూకింది. బిరడాకు లోపలివైపు అయస్కాంతం ఉంటుంది, అరిగిన లోహం దానికి అంటుకుంటుంది.

"సూడండి సార్, మేగ్నెట్టు ఎంత నీటుగున్నాదో. ఇనపరజను ఒక్క పిసరు లేదు. బాక్సు బంగారంలాగున్నాది. అమ్మగారికే అలవాటవ్వాల."

అయస్కాంతానికి ఇనుము అంటుకుంటుంది నాయనా! ఇత్తడి అంటుకోదు! రాలుతున్నది నేను! ఎంత అరిచినా ఏం లాభం, బండి నిలబడి ఉంది, నా గొంతు పళ్లలో ఉంది. నల్ల బకెట్టులో నల్లటి నూనె. దాంతోపాటు నా ఒంటి పొడీ కాలువలో కలిసింది. అదే ఐదో నంబరు కొత్త డబ్బా తెచ్చి మళ్లీ నిండా పోశారు. బిరడా బిగుస్తున్న చప్పుడు వింటుంటే, ఇక ఇందులోనే అయిపోతానని తేలిపోయింది.

అయిపోలేదు. సన్యాసిరావు మోకాలు నన్ను బతికించింది.

ఆయనకు ఎడమ మోకాలు నొప్పి పట్టుకుంది. డాక్టరు దగ్గరికి ఆ కారులోనే బయల్దేరారు, రత్నం పక్కన కూర్చుంది. సిరిపురం దగ్గర మలుపులో రెండో గేరు వెయ్యాలి. ఒకసారి క్లచ్చి తొక్కేసరికే ఆయన మోకాలు కలుక్కుమంది. రెండోసారి తొక్కలేదు. గేరు వేసేశాడు.

కర్ర్‌ర్‌మన్నాను. ఉన్న బలమంతా పెట్టి.



"ఇప్పుడెవరి చెయ్యి పడిందండీ?" అంది నూకరత్నం.

సన్యాసిరావు బండిని పక్కకు ఆపాడు. ఇంజను ఆపేశాడు, చెయ్యి మాత్రం రాడ్డు మీదే ఉంది. తర్వాత ఆవిడ మాట వినిపించింది, అది భార్య గొంతు కాదు, వార్డులో పేషెంటు మంచం దగ్గర నిలబడిన గొంతు.

"ఎప్పట్నుంచి ఈ చప్పుడు?"

"నువ్వు నేర్చుకున్న కాణ్నుంచే కదా."

"దానికి ముందు మీరేం మార్చారు?"

"ఏటీ లేదే. నూనె మార్చేను. మంచి నూనే."

"అయితే నూనె పడలేదు."

ఆయన నవ్వబోయాడు. "నూనె పడకపోడానికి గేరుబాక్సేటి మనిషా?"

"మందు మార్చాక దద్దుర్లొస్తే ముందు ఆ మందు ఆపేస్తాం. మంచి మందే అవ్వచ్చు, ఆ ఒంటికి పడలేదు. దీని లోపల ఏముంటుంది?"

"ఉక్కే. గేర్లు, ఇరుసు, బేరింగులు..." ఆయన మాట అక్కడ ఆగింది. "ఇత్తడి రింగులు."

నా పేరు ఒక మనిషి నోటివెంట వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"డ్రెడ్జరులో ఇత్తడి రింగుల్లేవే," అన్నాడాయన నెమ్మదిగా. "అందులో అంతా ఉక్కే. దీన్లో ఇత్తడుంది. నేను గంధకం పోసేను."

ఇంటికి వెళ్లగానే ఆయన బిరడా విప్పాడు. ఈసారి బకెట్టు పెట్టలేదు. రత్నం, తను రిటైరైన రోజు ఆసుపత్రివాళ్లు గుర్తుగా ఇచ్చిన తెల్ల పింగాణీ ట్రే పట్టుకొచ్చి కింద పెట్టింది. ఒంట్లోంచి బయటికొచ్చింది ఏదైనా తెల్లటిదాంట్లో చూడాలి, అప్పుడే రంగు తెలుస్తుంది, అంది. ట్రేను ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచినట్టున్నారు.

"ఏవండీ, బంగారం పొడి కలిపినట్టు మెరుస్తోందే ఇది."

ఆయనకు అంతటితో తనివి తీరలేదు, ఇంజనీరు కదా. కొట్టుకెళ్లి నాలుగో నంబరు డబ్బా తెచ్చాడు. రెండు సీసాల్లో రెండు నూనెలు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఇత్తడి మర వేసి, ఆవిడ సూదులు ఉడికించే గిన్నెలో నీళ్లు మరిగించి, ఆ సీసాలను అందులో నిలబెట్టాడు. మధ్యాహ్నమంతా షెడ్డులో నీళ్లు మరుగుతున్న చప్పుడు. మరలు బయటికి తీశాక ఆయన అడిగాడు, "ఏ రంగున్నాయే?"

"నాలుగోది ఎలా వేశామో అలాగే ఉంది. మీ ఐదోది బొగ్గు."

స్టవ్వు ఆర్పిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు వినిపించింది. "నీ చెయ్యి కాదే రత్నం."

"నాకు తెలుసు," అంది ఆవిడ. "ఆ రోజు నవ్వినవాళ్లకు తెలియాలి."

మంచి నూనె పోసినా నేను అప్పటికే సగం పోయాను, నాతో కొండ ఎక్కడం కుదరదు. ఎర్రినాయుడు వచ్చాడు. గేరుబాక్సు దించి, బోల్టులు ఒక్కొక్కటీ విప్పి, మూత ఎత్తాడు.

వెలుతురు!

చీకటికి అలవాటుపడిన నాకు మొదట ఏమీ తెలియలేదు. తర్వాత రేకుల కప్పు, ఒక సందులోంచి పడుతున్న ఎండ, నామీదికి వంగిన మూడు మొహాలు కనిపించాయి. ఏది ఎవరిదో తెలియలేదు. ఒక చెయ్యి వచ్చి నన్ను ఇరుసు మీద నుంచి తీసింది. గరుకుగా, తొందర లేకుండా. అప్పుడు తెలిసింది. ఆవిడ మొహం ఆ రోజే చూశాను. చెవులకు రాళ్ల దుద్దులు, కళ్లద్దాలు, నెరిసిన జుట్టు. నేను అనుకున్నట్టే ఉంది.

"పాపం, ఎంత నల్లబడిపోయిందో," అంది. నా బతుకులో నన్ను పాపం అన్నది ఆ ఒక్క మనిషే.

ఇలాంటి రింగు లోకంలో ఎక్కడా దొరకదని తేలింది. నన్ను కొలతకు పెట్టుకుని, గాజువాకలో లేతు మీద నాలాంటిదాన్నే చేయించారు. దాన్ని పక్కనే ఉండి కళ్లారా చూశాను. ఇత్తడి చెక్కులు మెరుస్తూ రాలడం, గీతలు పడటం, ఎర్రినాయుడు దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఒక కన్ను మూసి వెలుతురులో చూడటం. నా తమ్ముడు. నిగనిగలాడుతున్నాడు. వాడు చూస్తున్న ఆ గుమ్మం, బయట రోడ్డు, అవే వాడికి మిగిలే లోకమని వాడికి తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. వాణ్ణి ఇరుసుకు తొడిగారు, మూత పెట్టారు, బోల్టులు బిగించారు. బయటి నుంచి ఆ చప్పుడు వినడం లోపలి నుంచి వినడం కన్నా కష్టంగా ఉంది. నాలుగో నంబరు నూనె పోశారు, అదొక్కటే నాకు ఊరట.

"ఈ పాతది తుక్కులో పడీమంటారా అమ్మగారూ?" అని అడిగాడు ఎర్రినాయుడు.

"తే ఇలాగ," అని ఆవిడ నన్ను తీసుకుని, చింతపండు పెట్టి తోమింది. కొంత నలుపు పోయింది, కొంత పోలేదు. కారు తాళంచెవి నాకు తగిలించింది. అలా ఎట్టకేలకు నేను బయటపడ్డాను.

కొండకు వెళ్లే రోజు పొద్దున్నే క్లబ్బు బళ్లన్నీ అడివివరం దగ్గర వరసగా ఆగాయి. బీచి రోడ్డు మీద నవ్వినవాళ్లందరూ ఉన్నారు. సన్యాసిరావు డ్రైవరు సీటులోంచి దిగాడు. నన్ను చేత్తో పట్టుకుని పైకెత్తాడు. 

"ఒక మాటండీ," అన్నాడు గట్టిగా. "మా ఆవిడ చెయ్యి పడితే గేరు అరుస్తాదని మీ అందరిముందూ అన్నాను. అరిచింది ఇదీ. నేను పోసిన నూనె దీనికి పడలేదు. ఆవిడ చెయ్యి సరిగ్గానే పడింది. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. ఆయన నన్ను ఆవిడ చేతిలో పెట్టి, అటు తిరిగి వెళ్లి పక్కసీటులో కూర్చున్నాడు. ఆవిడ ఆయనవైపు ఒకసారి చూసింది. తాళంచెవి పెట్టి తిప్పింది.

ఘాటు మొదలైంది. నేను స్టీరింగు కింద వేలాడుతూ, ఊగుతూ, రోడ్డు చూస్తున్నాను. జీడిమామిడి చెట్లు, పనసచెట్లు, కింద దూరంగా ఊరు. ఇన్నేళ్లు నేను ఎక్కిన కొండలు ఇలా ఉంటాయా అనిపించింది. మొదటి పెద్ద మలుపు వచ్చింది. ఆవిడ క్లచ్చి ఒక్కసారి తొక్కింది. రాడ్డును రెండోలోకి తెచ్చింది. సన్యాసిరావు ఊపిరి బిగబట్టాడు. నేనూ ఊగడం ఆపేశాను.

చప్పుడు లేదు.

"పడింది," అన్నాడాయన మెల్లగా.

"పడుతుంది," అంది ఆవిడ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

పైకి చేరాక ఇంజను ఆపి, తాళంచెవి తీసి, నన్ను గుప్పిట్లో పట్టుకుని దిగింది. సంపెంగలు అమ్మే ఆవిడవైపు నడిచింది. పుట్టిన దగ్గర్నుంచీ నూనె వాసన తప్ప ఇంకొకటి ఎరగని నాకు ఆ పూల వాసన మీదికొచ్చి తగిలింది. ఊరికే షికారుగా కారును వదిలి నాలుగడుగులు దూరం వెళ్లడం నా జన్మలో అదే మొదటిసారి. వెనక్కి చూశాను. బండి చుట్టూ జనం చేరి ఫొటోలు దిగుతున్నారు. చల్లారుతున్న గేరుబాక్సులోంచి టిక్కు టిక్కుమని మా తమ్ముడి చప్పుడు వస్తోంది. ఆవిడ నడిచేకొద్దీ అది సన్నబడింది. పూలబుట్ట దగ్గరికి వచ్చేసరికి ఇక నాకు వినిపించలేదు.